నాయన చూసిన రెండో భాగం

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. మా నాయన మునిస్వామి తాపీమేస్త్రి. కొత్త ఇంటికి దిష్టిబొమ్మ కట్టమని ఇంటివాళ్ళు అడిగితే కట్టేవాడు గానీ, పక్కకు వచ్చి నాతో "గోడ నిలబడేది పునాదితో పాపా, బొమ్మతో కాదు" అనేవాడు. ఆ పెంపకంలో పెరిగినదాన్ని.

అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నూ ఆ కథలవాళ్ళలో కలిపేస్తారని సంకోచం. ఇప్పుడు నాకు యాభై దాటింది. ఆ రోజు నాతోపాటు ఉన్న మా దామోదరం మామ పోయిన ఏడాది చనిపోయాడు. మా ఇంట్లో ఇక అది కళ్ళారా చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. జరిగింది జరిగినట్టు రాసి పెడతాను.

మాది తమిళనాడులోని గుడియాత్తం. మావాళ్ళు ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చి స్థిరపడ్డారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. సినిమాను మేమూ తమిళంలో లాగా 'పడం' అనే అంటాం. తెలుగు చదవటం, రాయటం మాత్రం పెళ్ళయి చిత్తూరు వచ్చాకే నేర్చుకున్నాను.

ఇది తొంభైల మొదట్లో మాట. మిద్దెల మీద డిష్ గొడుగులు అప్పుడప్పుడే కనబడుతున్నాయి. ఊళ్ళో ఎక్కడ చూసినా కొత్త ఇళ్ళు కడుతున్నారు. నాయనకు ఒక్క రోజు ఖాళీ ఉండేది కాదు.

దామోదరం మామ మా అమ్మ తమ్ముడు. కాంక్రీటు పోసేముందు చెక్కలు బిగించే సెంట్రింగు పని ఆయనది. ఫైటింగు సినిమాలంటే ప్రాణం. వేలూరులో ఒక ఇంగ్లీషు సినిమా వస్తే నాయనను కూడా లాక్కుపోయి చూపించాడు. మంటల్లో కాలి బతికి బయటపడ్డ ఒక ఫైరింజను ఉద్యోగి కథ అది. అప్పటినుంచి అతన్ని నిప్పు ముట్టదు. మసిరంగు ముసుగు వేసుకుని ఊరిని కాపాడుతుంటాడు. మామ అతనికి 'పొగమనిషి' అని పేరు పెట్టాడు. నాయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఇంటికి వచ్చి నెల రోజులు అందులోని మేడల గురించే మాట్లాడాడు. అంత ఎత్తున నిలబడి ఇటుకలు ఎట్లా పేర్చారో అని ఆయన ఆశ్చర్యం.

ఆ తర్వాత ఏడాదికి ఆయన కళ్ళు పోయాయి.

ఒక పాత ఇంటికి సున్నం కొట్టే పని. తొట్టిలో సున్నపురాయి వేసి నీళ్ళు పోశారు. అది కుతకుత ఉడుకుతుండగా నాయన వంగి కర్రతో కలియబెట్టాడు. ఒక్కసారిగా చిమ్మి రెండు కళ్ళలోనూ పడింది. నీళ్ళతో కడిగారు, వేలూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎనిమిది నెలలు తిరిగాం. కళ్ళ మీద పాలమీగడలాంటి తెల్లటి పొర కమ్ముకుంది. నాయన గోడకు ముఖం పెట్టి కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు.

ఆ రోజు నేనూ మామా ఆయన్ని వేలూరుకు తీసుకువెళ్ళాం. అమ్మకు జ్వరంగా ఉండి రాలేదు. ఈసారి డాక్టరమ్మ ఖాయంగా ఒక మాట చెబుతానంది. అందుకని అమ్మ గుమ్మం దాకా వచ్చి, "మంచిమాటే వస్తాది, పోయిరాండి" అని పంపింది.

డాక్టరమ్మ గది తలుపు వేసి, చీకటి చేసి, చేతిలో టార్చి పట్టుకుంది. వెలుగు ఏ పక్కనుంచి వస్తోందో చెప్పమంది. కుడి పక్క వేసింది, ఎడమ పక్క వేసింది, సూటిగా కంటికి దగ్గరగా పెట్టింది.

నాయన ముఖం అటూ ఇటూ తిప్పి, "వెలుగు ఉండాదా అమ్మా?" అని అడిగాడు.

ఆమె టార్చి ఆపేసింది. లోపలి నరం కూడా దెబ్బతిన్నదనీ, ఇక ఆపరేషను చేసినా లాభం లేదనీ నెమ్మదిగా చెప్పింది. ఆమె తప్పేమీ లేదు. ఆ ఎనిమిది నెలలూ సొంత మనిషిలా చూసింది.

బయటికి వచ్చి ఆసుపత్రి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయివుంటుంది. ఎదుటి గోడ మీద పోస్టరు. నల్లటి ఆకాశం, మంటలు, మసిరంగు ముసుగు. మామ నోరు ఊరుకోలేదు.

"బావా, పొగమనిషి రెండో భాగం వచ్చిందప్పా!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

నేను కోపంగా చూశాను. నాయన మాత్రం తల ఎత్తాడు.

"యాడ ఆడతా ఉండాది?"

"ఈడనే బావా, పక్క వీధిలో. మ్యాటినీ."

"పదండి పోదాం."

"నాయనా, నువ్వు..." అని నేను ఆగిపోయాను.

"నాకు కనపడదని నాకు తెలుసు పాపా. ఇంటికి పోతే మీ అమ్మకు చెప్పాల. ఆ పడం ఎంతసేపు ఉంటే అంతసేపు చెప్పే పని ఉండదు."

అందుకు వెళ్ళాం. సినిమా కోసం కాదు.

రేకుల కప్పున్న పాత థియేటరు. సగం కుర్చీలు ఖాళీ. నాయన మధ్యలో, ఒక పక్క నేను, ఇంకో పక్క మామ. మామ చెవిలో కథ చెబుతూ కూర్చున్నాడు. సినిమా ఇంగ్లీషులోనే ఉంది, తమిళంలోకి మార్చలేదు.

మొదటి భాగం పండగలా ఉంటుందని మామ చెప్పేవాడు. ఇది అట్లా లేదు. తాను కాపాడిన ఊరే ఆ పొగమనిషిని వేటాడుతుంది. కథంతా చీకట్లోనే. పొగ, వాన, పడిపోతున్న మేడలు. పోలీసు బండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటాయి. తెర ఎంత నల్లగా ఉందంటే, మంచి కళ్ళున్న నాకే ఎవరు ఎవర్ని కొడుతున్నారో సగం తెలియలేదు.

అరగంటయ్యాక అతను ఒక గడియారం గోపురం మీద నిలబడ్డాడు. చుట్టూ హెలికాప్టరు వెలుగులు. ఉన్నట్టుండి కిందికి పడ్డాడు. "దుంకినాడు బావా!" అన్నాడు మామ.

"దుంకలేదురా. తోసినారు," అన్నాడు నాయన. "వెనకాల ఒకడుండాడు గదా, టోపీ పెట్టుకోని. చూడలే?"

మామా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాకు టోపీ కనబడలేదు, మనిషీ కనబడలేదు. పది నిమిషాల తర్వాత కథలో ఆ సంగతి బయటపడింది. తోసింది అతని స్నేహితుడే. గోపురం మీద టోపీతో నిలబడి ఉండటం ఈసారి వెలుతురులో స్పష్టంగా చూపించారు.

నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"పాపా, నాకు కనపడతా ఉండాది."

నేను ఆయన ముఖం ముందు చెయ్యి ఊపాను. రెప్ప కదల్లేదు. "నా చెయ్యి కనపడతాందా నాయనా?" అని అడిగాను.

"లేదు. నువ్వూ కనపడవు, దామూ కనపడడు. తెర ఒకటే."

నా అరచేతితో ఆయన రెండు కళ్ళూ మూసేశాను. నమ్మలేక చేశాను. నా చేతి కింద ఆయన కనురెప్పలు వెచ్చగా తగులుతున్నాయి. నాయన ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. "రైలు వస్తా ఉండాది... పైన ఇద్దరు... ఒకని చొక్కా అంటుకునింది..." తెర మీద అదే. ఒక్కటీ తప్పలేదు. నేను చెయ్యి తీసేశాను. నాకు ఏడుపు రాలేదు, భయం వేయలేదు. ఊపిరి గట్టిగా తీసుకోవటానికి కూడా మనసు ఒప్పలేదు. కదిలితే అది పోతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను.

రైలు మీది ఫైటింగులో పొగమనిషి దెబ్బతిని వంతెన మీదినుంచి నదిలో పడ్డాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. జనం ఈలలు, అరుపులు. ఉక్కపోతకు ఎవరో పక్క తలుపులు రెండూ బార్లా తెరిచారు. మధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చిపడింది. ఎదురుగా తెర తెల్లగా, ఖాళీగా వేలాడుతోంది. దాని మీద ఒక చిరుగుకు వేసిన కుట్టు కూడా ఆ వెలుతురులో కనబడింది.

నాయన ముఖం తెర మీదినుంచి తిప్పలేదు.

"ఏటి ఒడ్డుకు వచ్చినాడు," అన్నాడు.

"నాయనా, కరెంటు పోయింది. తెర మీద ఏమీ లేదు."

"ఉండు పాపా." ఆయన గొంతులో విసుగు. మంచి సీనులో పక్కవాళ్ళు మాట్లాడితే వచ్చే విసుగు. "తలుపు కొట్టినాడు. నీలం తలుపు. ముసలామె తీసింది. కుక్క ఉండాది, తెల్లది, కుంటతా ఉండాది."

మామ లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

నాయన చెబుతూ పోయాడు. ముసలామె అతన్ని పొయ్యి ముందు కూర్చోబెట్టింది. ఎడమ చేతికి గుడ్డ చుట్టి కట్టు కట్టింది. అతను ముసుగు తీశాడు. ముఖమంతా కాలిన మచ్చలు. ఆమె భయపడలేదు. గిన్నెలో ఏదో పోసి ఇచ్చింది. అతను తాగి, ముసుగును పొయ్యిలో పడేశాడు. అది కాలలేదు. ఎర్రగా కాగుతూ అట్లాగే ఉంది.

"అయ్యో, ఆ పొయ్యి వెనక గోడ చూడరా దామూ," అన్నాడు. "సందు మీద ఇటుక రావాల, ఇటుక మీద ఇటుక పెట్టినారు. సందు మీద సందు నేరుగా వచ్చింది, కిందినుంచి పైదాకా. ఎవడు కట్టినాడో! చెయ్యి పెడితే పడతాది."

ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి వినసాగాడు. ఆయన పక్కవాళ్ళూ తిరిగారు. ఎండ పడిన ఖాళీ తెరను, మా నాయన ముఖాన్ని మార్చి మార్చి చూస్తున్నారు.

పావుగంటో ఇరవై నిమిషాలో అయింది. కరెంటు వచ్చింది. తలుపులు మూశారు. సినిమా మళ్ళీ మొదలైంది.

నది లేదు. ముసలామె లేదు. పొగమనిషి ముసుగు లేకుండా, ఎడమ చేతికి కట్టుతో ఒక బజారులో నడుస్తున్నాడు. జనం గోల పెట్టారు. మధ్యలో కథ ఎగిరిపోయిందని తమిళంలో తిట్లు. ఎవరూ పట్టించుకోలేదు, సినిమా నడిచింది.

నా చూపు ఆ కట్టు మీదే ఉండిపోయింది.

చివరిదాకా నాయన చూశాడు. ఆఖరున ఊరంతా తగలబడుతుంటే అతను ఆ మంటల్లోకి నడిచి ఒక్కొక్కర్నే ఎత్తుకుని బయటికి తెస్తాడు. అప్పుడు నాయన నోరు తెరుచుకుని ముందుకు వంగి ఉన్నాడు. తెల్లపొర కమ్మిన ఆ కళ్ళలో మంటల ఎరుపు ఆడుతోంది. "ఎంత వెలుగు పాపా," అన్నాడు. "ఎంత వెలుగు!"

అక్షరాలు పడి లైట్లు వేశారు. నాయన "అయిపోయింది," అన్నాడు. సినిమా అయిపోయిందని అన్నాడో, చూపు అయిపోయిందని అన్నాడో నాకు తెలియదు. లేచి కర్రకోసం తడుముకున్నాడు.

బయటికి వస్తుంటే ముందు వరస పెద్దాయన నన్ను ఆపి, మీ నాయన ఈ సినిమా ముందే చూశాడా అని అడిగాడు. ఆయనకు చూపు లేదని చెప్పాను. పెద్దాయన దగ్గరికి వచ్చి నాయన కళ్ళలోకి చూశాడు. తర్వాత జనంలో కలిసి వెళ్ళిపోయాడు.

బస్సులో నేను నాయన చెయ్యి వదల్లేదు. విరించిపురం దాటుతుంటే పొద్దు గుంకుతోంది. కిటికీలోంచి ఎండ ఆయన ముఖం మీద పడింది. ఏమైనా తెలుస్తోందా అని అడిగాను. వెచ్చగా ఉందని మాత్రం చెప్పాడు.

ఇంటికి చేరాక అమ్మకు చెప్పే పని ఆయనే చేశాడు. గుమ్మంలోనే నిలబడి, "చూపు రాదంట లక్ష్మీ. ఇంగ తిరగొద్దు," అన్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏడవొద్దు. ఈ పొద్దు నేను ఒక పడం చూసినాను. కూర్చో, చెప్తా."

అమ్మ మా ముఖాలు చూసింది. మామ అవునన్నట్టు తల ఊపాడు. నాయనకు మతి చలించిందని అమ్మ అనుకుందని నాకు అర్థమైంది. ఎనిమిది నెలల తర్వాత ఆయన అంతసేపు మాట్లాడటం మొదటిసారి. ఆమె నేలమీద కూర్చుని మొత్తం వింది. వినీ వినీ చివరికి, "ఆ ముసలామెకు ఎవరూ లేరా పాపం?" అని అడిగింది.

వారం తర్వాత మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె ఓపికగా విని, మళ్ళీ టార్చి వేసి చూసింది. వెలుగు తెలియలేదు. చూపు పోయిన వాళ్ళకు మెదడు ఒక్కోసారి తనంతట తాను బొమ్మలు చూపిస్తుందని, చెవికి వినబడేదాన్ని బట్టి కథ అల్లుకుంటుందని చెప్పింది. నాకు ఆ మాట నచ్చింది. నేను కోరుకున్నది అట్లాంటి సమాధానమే. టోపీ సంగతి ఊహ అయివుంటుంది, చేతి కట్టు కాకతాళీయం అయివుంటుంది అని సర్దుకున్నాను.

నాలుగైదు నెలల తర్వాత ఆ సినిమా గుడియాత్తం వచ్చింది. నాయన రానన్నాడు. "నేను చూసినాను గదా," అన్నాడు. నేనూ మామా వెళ్ళాం.

వంతెన మీదినుంచి అతను నదిలో పడ్డాడు.

ఒడ్డుకు పాకుతూ వచ్చాడు. తలుపు కొట్టాడు. తలుపు నీలం రంగు.

ముసలామె తీసింది. కాళ్ళ దగ్గర తెల్లకుక్క. ఎడమ చేతికి గుడ్డ చుట్టింది. గిన్నెలో ఏదో పోసి ఇచ్చింది. ముసుగు పొయ్యిలో పడింది, ఎర్రగా కాగింది, కాలలేదు. మామ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే రెండు రోజులు కమిలిపోయి ఉంది.

నేను ముసలామెను చూడటం లేదు. పొయ్యి వెనక గోడను చూస్తున్నాను. రెండు మూడు క్షణాలు మాత్రమే కనబడింది. ఇటుక మీద ఇటుక. సందు మీద సందు, నేల నుంచి పైదాకా ఒకే గీత. సినిమా కోసం ఎవరో తొందరగా పేర్చిన గోడ. లోకంలో ఆ సినిమా చూసిన వాళ్ళెవరూ ఆ గోడను చూసి ఉండరు. మేస్త్రీ కూతుర్ని కాకపోతే నేనూ చూసేదాన్ని కాదు.

ఒక్క తేడా ఉంది. అది కూడా రాయాలి. ఆ కుక్క కుంటలేదు. బాగానే నడిచింది.

మామ వేలూరు పోయి ఆ థియేటరు ఆపరేటరును కలిశాడు. కరెంటు పోయి ఆలస్యమైతే తర్వాతి ఆట వేళకు మొదలుకావాలని ఒక రీలు వదిలేస్తామని అతను దాపరికం లేకుండా చెప్పాడు. ఆ రోజు మ్యాటినీలో ఆ రీలు డబ్బాలోంచి బయటికే తీయలేదు.

సినిమా కథ నాయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటారా అని ఇంట్లో, వీధిలో అందర్నీ అడిగాను. ఆ ఎనిమిది నెలల్లో ఆయన ఇల్లు దాటింది ఆసుపత్రికి మాత్రమే. చెప్పినా, గోడ సంగతి ఎవరు చెబుతారు?

నాయనకు చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. కుక్క సంగతి మాత్రం ఒప్పుకోలేదు. "కుంటతానే ఉండాదమ్మా. నేను చూసినాను గదా," అన్నాడు.

ఆ తర్వాత ఆయన మామతోపాటు పనులకు పోవటం మొదలుపెట్టాడు. పూత పూసిన గోడ మీద అరచెయ్యి ఆనించి ఎక్కడ ఉబ్బుందో, ఎక్కడ పల్లముందో చెప్పేవాడు. కుర్ర మేస్త్రీలు వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. మామ ఆయన్ని మరెన్నో సినిమాలకు తీసుకుపోయాడు. ఒక్కదానిలోనూ ఏమీ కనబడలేదు. అయినా సంతోషంగా పోయేవాడు. ఇంకో పదకొండేళ్ళు బతికి, ఒకరోజు పొద్దున నిద్రలోనే వెళ్ళిపోయాడు.

ఇదంతా తెలిసిన కొత్తలోనే, గుడియాత్తంలో చూసిన సంగతి చెప్పటానికి నేను ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నాయన ఫైలు తెప్పించి, పెన్ను తీసి రాయబోయింది. వదిలేసిన రీలు, నీలం తలుపు, కట్టు, గోడ. గోడ సంగతి ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ఆమె రాయలేదు. పెన్నుకు మూత పెట్టేసింది.

"నాకు తెలియదమ్మా," అంది తమిళంలో.

నేనూ అంతకంటే ఏమీ చెప్పలేను. ఖాళీ తెర, తెరిచిన తలుపుల్లోంచి పడుతున్న ఎండ, ఈలలు వేస్తున్న జనం. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నేను చూసింది అంతే. పక్కన కూర్చున్న నాయన చూసింది వేరు. అది ఆయనకు ఎట్లా కనబడిందో నాకు ఈ రోజుకీ తెలియదు.